కోత పడని సంచి

బానడీ గుడారం ముందు మోటారు సైకిలు ఆపి కూడా జియంద్ వెంటనే దిగలేదు. ఎడమ మోకాలు మడత పడడం లేదు. ఖాఫ్ ఊరు దాటిన దగ్గర్నుంచీ దారి అనేది పేరుకే, ఉన్నదంతా గులకరాళ్ళూ ఎదురుగాలీను. ఆ రాళ్ళ మీద గుడారం గుడారం తిరిగి, బలూచీ ఆడవాళ్ళు నేసుకున్న పాత సంచులు ఏరి, మష్హద్ బజారులో హాజీ సమద్ దుకాణానికి చేరవేసి చేరవేసి ఆ మోకాలు అలా తయారైంది. ఇంకొక్క సంచి చేరిస్తే ఇక తిరగక్కర్లేదు. హాజీ తన నోటితోనే ఆ మాట చెప్పాడు.

"ఎవర్రా అది? బండి మీద శవంలా కూచున్నావు," అని లోపల్నుంచి కేక వినబడింది.

"నేనే పెద్దమ్మా, జియంద్‌ని."

"ఏ జియంద్? మా చెల్లెలికి ఆ పేరున ఒక కొడుకుండేవాడు. వాడు పట్నంలో చచ్చాడని విన్నానే."

"చస్తే నీకు కబురు రాదా పెద్దమ్మా?"

"ఏమో. బతికుండగా రాలేదుగా."

కుంటుకుంటూ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. బానడీ అతని తల మీద చెయ్యి వేసి నిమిరింది, ఆ చేత్తోనే నెత్తిన ఒకటి మొట్టింది. నీళ్ళు ఇచ్చింది. పేడ పిడకల మంట మీద కెటిల్ పెట్టింది. టీ గ్లాసు చేతికి వచ్చాక ఎదురుగా మోకాళ్ళు మడుచుకుని కూర్చుని, ముసుగు సర్దుకుంది.

"సమాచారం చెప్పు."

ఇంటికి వచ్చిన మనిషి సమాచారం చెప్పడమంటే కబుర్లాడడం కాదు. ఎక్కడ వాన పడింది, ఎవరి మంద ఎటు కదిలింది, ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, వరసగా, గొంతు తగ్గించి, తొందర లేకుండా చెప్పాలి. వినేవాళ్ళు నడుమ అడ్డు రాకూడదు. అలా చెప్పిన మాటకు ఎవరూ సాక్ష్యం అడగరు. దొంగతనానికి వెళ్ళినవాడు కూడా సమాచారం దగ్గర అబద్ధమాడడని చెప్పుకుంటారు. జియంద్ వానల సంగతి చెప్పాడు. గడ్డి సంగతి చెప్పాడు. తుర్బత్‌లో కమ్మరి ముసలాయన పోయిన సంగతి చెప్పాడు. తర్వాత గ్లాసులోకి చూస్తూ, అదే గొంతుతో అన్నాడు.

"మా అమ్మాయి దుర్దానాకి పెళ్ళి కుదిరింది."

ఆ మాట అంటానని దారిలో ఎక్కడా అనుకోలేదు. మామూలుగా అతని పద్ధతి వేరు. గుడారంలో కూర్చుని, వేలాడే సంచిని చూసి "ఎంత బాగుందో" అని ఒకసారి, మళ్ళీ ఒకసారి అంటే చాలు. అతిథి కన్ను పడిన వస్తువును ఇంటివాళ్ళు ఇవ్వకుండా పంపలేరు, పరువు తక్కువ. బదులుగా జియంద్ ఒక ప్లాస్టిక్ బిందో, సత్తు పళ్ళేలో పెట్టి వస్తాడు. అలా ఎన్ని గుడారాలు బోసిపోయాయో. అయితే ఆ పాచిక ఇక్కడ పారదు. కిందటిసారి ఉప్పు సంచిని మెచ్చుకుంటే బానడీ పకపకా నవ్వి, "కళ్ళు పెట్టకురా, కళ్ళు పోతాయి" అంది.

ఇప్పుడు మాత్రం నవ్వలేదు. "ఎవరి కొడుకు?" అంది.

"జాహెదాన్ వైపు వాళ్ళు. లారీ నడుపుతాడు."

"ఎప్పుడు?"

"పై శుక్రవారం."

బానడీ లేచింది. గుడారం వెనక పేర్చి ఉన్న పక్కబట్టల దొంతర దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క బొంతే తీసి కింద పెట్టసాగింది. అడుగున ఏముందో జియంద్‌కు తెలుసు. చిన్నప్పుడు ఆ దొంతర మీదే నిద్రపోయేవాడు.

జంట సంచి. ఒంటె వీపు మీద వేస్తే అటొక తిత్తి, ఇటొక తిత్తి వేలాడేది. రెండు ముందు భాగాలూ, వాటి వెనక భాగాలూ, నడుమ పట్టీ అంతా ఒకే పడుగు మీద నేసిన ఒకే గుడ్డ. ముందు భాగాలు తివాచీలా ముడులతో, చిక్కటి మంజిష్ఠ ఎరుపు, రాత్రి లాంటి నీలం, రంగు వెయ్యని ఒంటె బొచ్చు. అంచుల వెంట మేక బొచ్చు తాడూ, దానికి గవ్వలూ.

"ఇటుది మీ అమ్మ నేసింది, అటుది నేను," అంది బానడీ దాన్ని ఒళ్ళో పరుచుకుని. "హాతూన్ ముడి బిగువు. నాది వదులు. మా అమ్మ నా చెయ్యి చూసి తిట్టిపోసేది. ఇదెవరికని అడిగితే మీ ఇద్దరిలో ఎవరికి ఆడపిల్ల పుడితే దానికి అనేది. నాకు ఎవరూ పుట్టలేదు. దానికి నువ్వు పుట్టావు, మీసాలేసుకుని. నిన్ను పాకే వయసులో నా ఒళ్ళో పడేసి అది కన్ను మూసింది. ఇన్నాళ్ళకి ఒక ఆడపిల్లకి చేరుతోంది."

జియంద్ చెయ్యి చాచి సంచిని తిరగేశాడు. ముందు వైపు చూడలేదు. వెనక భాగం చూశాడు. ఎర్ర గీత, నీలి గీత, ఎర్ర గీత, నున్నగా, ఒక్క కోత లేకుండా, ఒక్క కుట్టు విప్పకుండా ఉంది.

ఇన్నేళ్ళూ వెనక భాగం కోసి పారెయ్యమన్నది హాజీయే. గోడకు తగిలించుకునేవాళ్ళకు వెనక వైపుతో పనేమిటి, బస్సు మీద బరువు దండగ అనేవాడు. జియంద్ దారిలోనే, ఏ ఎండిన వాగు పక్కనో కూర్చుని, కత్తితో కోసి, ముందు భాగాలు మూట కట్టుకుని, గీతల గుడ్డలు అక్కడే గాలికి వదిలేసి వచ్చేవాడు. ఇప్పుడేమో జర్మనీ నుంచి వచ్చే ఒక దొరసాని కోత పడని సంచే కావాలని పట్టుబట్టి కూర్చుంది. ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉన్నవన్నీ కోసింది తామే. "ఒక్కటి తే జియంద్, వెనకా ముందూ కలిసి ఉన్నది. దుకాణంలో గుమ్మం పక్క చోటు నీది. కూచుని టీ తాగుతూ సరుకు చూపించు, చాలు," అన్నాడు హాజీ.

"తీసుకెళ్తాను పెద్దమ్మా," అని జియంద్ మడవబోయాడు.

బానడీ లాగేసుకుంది. "ఇలాగా? దీని మొహం చూశావా?"

హాతూన్ నేసిన వైపు నడుమ చారెడు మేర ముడులు అరిగిపోయి పడుగు తేలింది. ఒక మూల పురుగు కొట్టింది.

"ఇలాగే బాగుంది పెద్దమ్మా. పాతది పాతగా ఉంటేనే ముచ్చట."

"చిరుగు ముచ్చటేమిట్రా? పట్నంలో తిరిగి తిరిగి బుర్ర చెడింది నీకు. హాతూన్ మనవరాలు చిరుగుల సంచితో అత్తారింటికి పోతే, అక్కడి ఆడవాళ్ళు ఎవర్నంటారు? నిన్నా, నన్నా? ఓ నాలుగు రోజులాగి రా."

ఇంకా బతిమాలితే అనుమానం వస్తుంది. అయినా ఏం చేస్తుందిలే, బజారు ఉన్నితో నాలుగు ముడులు వేస్తుంది, హాజీ వాటిని పీకించేస్తాడు, అని సర్ది చెప్పుకుని బండి ఎక్కాడు.

మళ్ళీ వచ్చేసరికి గుడారం ముందు పొరుగు గుడారపు ఇల్లాలు షర్బత్ తన పిల్లల తల దువ్వుతూ కూర్చుని ఉంది. జియంద్‌ను చూసి, "వచ్చావా మహానుభావా. మీ పెద్దమ్మ పొయ్యి ముట్టిస్తే ఒట్టు. నేను రొట్టె తెచ్చి నోట్లో కుక్కితే తిన్నది," అంది.

లోపల బానడీ కుడి చేతి వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉన్నాయి. అయినా అంత ఉషారుగా ఆమెను చూసి ఏళ్ళయింది. టీ కూడా ఇవ్వకుండా సంచి తెచ్చి అతని ముందు పరిచింది.

"ఎక్కడ చిరిగిందో చూపించు."

జియంద్ వంగి చూశాడు. అరిగిన చోటు నిండిపోయింది. అదే ఎరుపు, అదే నీలం. వేలితో రాసి చూస్తే కొత్త ముడులు కొంచెం ఎత్తుగా తగిలాయి, అంతే. హాతూన్ బిగువుకు సరిపోయేలా బిగించడానికే ఆ వేళ్ళు అలా అయ్యాయి కాబోలు.

"ఈ రంగు ఎక్కడ దొరికింది పెద్దమ్మా?" అన్నాడు.

"అదీ, అడుగు. షర్బత్ మొగుడు బజారు నుంచి ఉన్ని తెచ్చాడు. కాకుల్ని బెదరగొట్టడానికి పనికొస్తుంది ఆ నారింజ రంగు. ఆ మంజిష్ఠ వేరు రంగు ఇప్పుడు ఎవరు కాస్తున్నారు? రెండు రోజులు అదే బెంగ. మూడో రోజు తెల్లారి సంచి తిరగేసి పక్కన పెట్టబోతుంటే, ఓసి పిచ్చిదానా, నీ చేతిలోనే ఉందిగదే అనుకున్నాను."

జియంద్ సంచిని తిరగేశాడు. ఎర్ర గీత లేదు. నీలి గీత లేదు. వెనక భాగం ఉండవలసిన చోట రెండు తిత్తులకూ నల్లటి గుడారపు గుడ్డ, మేక బొచ్చుది, దట్టంగా కుట్టి ఉంది.

"పేక దారం ఒక్కొక్కటే లాగాను," అంది బానడీ. "తెగకుండా లాగాలి, అదీ పని. తడిపి, కొసన రాయి కట్టి వేలాడదీస్తే వంకర పోయింది. ఆ రోజు ఎరుపు, ఆ రోజు నీలం, మేమిద్దరం ఒకే గిన్నెలో కాచిన రంగు. మీ అమ్మ నేసిన మొహానికి మా ఇద్దరి రంగే పడింది. ఇక వెనకంటావా, ఎవరు చూస్తారు? ఒంటె చూస్తుంది. వీళ్ళకి ఒంటె కూడా లేదు, లారీయేగా."

ఆ మాటకు ఆమే నవ్వుకుంది. గుడారం పక్క గుడ్డ ఒక బారెడు కోసేసిన చోట గోనెపట్టా అడ్డం కట్టి ఉంది. దాని సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. ఆ గాలికి రాత్రుళ్ళు ఈ మనిషి ఎలా పడుకుంటుందో అనిపించింది జియంద్‌కు. ఆ వెంటనే గుమ్మం పక్క చోటు పోయిందనీ అనిపించింది. ఈ రెంటిలో ముందు ఏది బాధించిందో అతనికే తెలుసు, అది ఎవరికీ చెప్పుకునేది కాదు.

"ఏరా, మాట్లాడవు?"

"బాగుంది పెద్దమ్మా."

"అంతేనా? ఇన్ని రోజులు కళ్ళు పోగొట్టుకుంటే 'బాగుంది' ఒక్కటేనా?"

"చాలా బాగుంది." సంచిని ఒళ్ళోకి లాక్కుని తల దించుకున్నాడు. అది సంతోషమనుకుని బానడీ అతని భుజం తట్టింది.

ఖాళీ సంచి ఆడపిల్లకు ఇవ్వకూడదని ఒక తిత్తిలో ఖర్జూరాలు పోసింది, ఒక తిత్తిలో ఎండిన పెరుగు ఉండలు. నడుమ పట్టీకి చిన్న ఎర్ర గుడ్డ ముడి వేసింది. "గోరింటాకు నేనే పెడతాను, ఎవర్నీ పెట్టనివ్వకండి. బండి పంపుతావా?"

"జీపు పంపిస్తాను," అన్నాడు జియంద్. ఒక అబద్ధం తర్వాత రెండోది ఎంత తేలిగ్గా వస్తుందో అప్పుడే తెలిసింది.

తుర్బత్‌లో బండి వదిలి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా మష్హద్ బస్సెక్కాడు. దారంతా ఒకటే ఆశ. ముందు భాగం ఇంత అందంగా ఉంటే దొరసాని వెనక సంగతి పట్టించుకోదేమో. ఖర్జూరాలూ పెరుగు ఉండలూ తన శాలువాలో మూట కట్టుకున్నాడు. ఒక ఖర్జూరం నోట్లో వేసుకోబోయి మళ్ళీ మూటలోనే పెట్టేశాడు.

హాజీ సమద్ మంచివాడే. ఎప్పుడు వెళ్ళినా ముందు టీ, చక్కెర గడ్డలు, ఆ తర్వాతే సరుకు. ఆ రోజూ అంతే. సంచి విప్పగానే కళ్ళజోడు పెట్టుకుని ముందు భాగం మీదికి వంగి, "వాహ్" అన్నాడు. తర్వాత తిరగేశాడు.

"ఇదేమిటి జియంద్, గుడారం పట్టుకొచ్చావు?"

జియంద్ చెప్పాడు. ఎవరు చేశారో చెప్పలేదు. ఎవరో ముసలమ్మ అన్నాడు.

హాజీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాపం. ఎంత పని చేసింది. తనకు తెలిసిన మంచి చేసింది. దొరసానికి మాత్రం ఇది పనికిరాదయ్యా. నేను చూపిస్తే నా పరువు పోతుంది." ముందు భాగాన్ని అరచేత్తో నిమిరాడు. "పోనీ, ఇవి రెండూ ఉంచుకుంటాను. ఇవి ఎప్పుడైనా అమ్ముడుపోతాయి." కత్తి తీసి జియంద్ వైపు జరిపాడు. "నువ్వే కొయ్యి. నీ చెయ్యి నిదానం."

"గుమ్మం పక్క చోటు..."

"చూద్దాంలే. వసంతానికి ఇంకోటి దొరక్కపోతుందా?"

దొరకదని ఇద్దరికీ తెలుసు. అప్పుడు జియంద్ ఆ సంచిని మడిచి చంకన పెట్టుకుని లేచి వచ్చేసి ఉండవచ్చు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఇంట్లో పదహారేళ్ళ పిల్ల ఉంది, పెళ్ళి ఇవాళ కాకపోతే రేపు అవుతుంది, అప్పుడు ఇవ్వచ్చు. చెప్పిన అబద్ధం అలా సగమైనా నిజమయ్యేది. ఎందుకు లేవలేదని తర్వాత తనను తాను చాలాసార్లు అడుక్కున్నాడు. దొరికిన జవాబు చాలా చిన్నది. హాజీకి కోపం వస్తుందేమోనని.

బానడీ కుట్టు గట్టిది. మామూలు కుట్టయితే కత్తి మొన తగిలితే చాలు, జారిపోతుంది. ఇది ఒక్కొక్క పోగూ విడిగా తెంపాల్సి వచ్చింది. నడుమ పట్టీ కోసేటప్పుడు హాజీ అటు చివర పట్టుకున్నాడు. కోత అయ్యాక హాతూన్ నేసినది ఒకవైపు పడింది, బానడీ నేసినది ఒకవైపు. హాజీ రెంటినీ దులిపి, ఒకటి మేలు రకం దొంతరలో, ఒకటి రెండో రకం దొంతరలో పెట్టాడు. వదులు ముడులది రెండో రకంలోకి పోయింది. నల్ల గుడ్డ గట్టిగా ఉందని మెచ్చుకుని, కాళ్ళు తుడుచుకోవడానికి గుమ్మం పక్కన పరిపించుకున్నాడు.

హాజీ చేతిలో పెట్టిన డబ్బును జియంద్ చూసుకోకుండానే జేబులో వేసుకున్నాడు. బయటికి వస్తూ ఆ గుడ్డ మీద అడుగు పడకుండా పెద్ద అంగ వేశాడు. మోకాలు కలుక్కుమంది.

మర్నాడు పగటిపూట తుర్బత్‌లో బస్సు దిగి, ఊరి చివర తన ఇంటి సందులోకి తిరిగేసరికి గుమ్మం ముందు గొర్రెల లారీ ఆగి ఉంది. డ్రైవరు ఎవరినో ముసలామెను చంకల కింద చేతులు వేసి దించుతున్నాడు. జియంద్ సందు మొదట్లోనే ఆగిపోయాడు.

"నెమ్మదిరా అబ్బాయ్, నేను గొర్రెను కాను," అంటోంది బానడీ. అతన్ని చూసి, "నువ్వు పంపే జీపు కోసం కూచుంటే, పిల్లకు పెళ్ళయి పిల్లలు కూడా పుట్టుకొస్తారు. అందుకే వీణ్ణి పట్టుకున్నాను. దారంతా గొర్రెలు నా మీదే పడుకున్నాయి," అంది. చేతిలో గోరింటాకు పొడి మూట ఉంది. వేళ్ళకు ఇంకా ఆ పీలికలే.

ఆమెను దారిలోనే ఆపి చెప్పేద్దామనుకున్నాడు. పెద్దమ్మా, ఒక మాట, అని నోరు తెరిచాడు కూడా. అప్పటికే ఆమె గడప దాటింది.

దుర్దానా వాకిట్లో కూర్చుని రొట్టెల పిండి కలుపుతోంది. తల్లి జర్‌గుల్ తందూరు దగ్గర వంగి ఉంది. బానడీ గుమ్మంలోంచే గొంతెత్తింది. "ఇదేం ఇల్లమ్మా? శుక్రవారం జాహెదాన్ వాళ్ళతో పెళ్ళి పెట్టుకుని పెళ్ళికూతురి చేత పిండి పిసికిస్తున్నారా?"

జర్‌గుల్ నడుము నిటారు చేసింది. "పెళ్ళా? ఎవరి..."

"అమ్మా, అవ్వకి ముందు నీళ్ళు తే," అంది దుర్దానా.

అంటూనే తండ్రి వైపు ఒక్కసారి చూసింది. అతని ఖాళీ చేతులు చూసింది, భుజాన మష్హద్ దుమ్ము పట్టిన శాలువా మూట చూసింది. చూపు దించుకుని, చేతులకంటిన పిండి నెమ్మదిగా దులుపుకుని, లేచి బానడీకి ఎదురువెళ్ళి, ఆమె చేతులు తీసుకుని కళ్ళకద్దుకుంది. జర్‌గుల్ భర్త మొహం వంక చూసి, ఇంకేమీ అడగకుండా నీళ్ళకు లోపలికి వెళ్ళింది.

బానడీ పిల్లను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అచ్చు హాతూన్ నడుమే. ఏదీ, ఆ సంచి ఇటు పట్రా తల్లీ. నీ భుజాన వేసి చూడాలి. చివరి వరసలో ఒక ముడి తొందరలో వేశాను, అదే రెండు రాత్రులుగా పీకుతోంది నన్ను."

ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి జియంద్ ఒక అడుగు ముందుకు వేశాడు కూడా.

"పెట్టెలో పెట్టి తాళం వేశాం అవ్వా," అంది దుర్దానా. గొంతు తగ్గించి, తొందర లేకుండా, పెద్దవాళ్ళు సమాచారం చెప్పినట్టు. "పెళ్ళి రోజు దాకా బయటికి తియ్యకూడదన్నాడు నాన్న. నాలుగు కళ్ళు పడతాయని. పెట్టె జాహెదాన్ వాళ్ళతో ముందే వెళ్ళిపోయింది."

ఆ మాట ఎక్కడా తడబడలేదు.

"మంచి పని చేశాడు," అంది బానడీ తృప్తిగా. జియంద్ వైపు తిరిగి, "పిల్లను బాగా పెంచావురా," అంది. వాకిట్లో చాప మీద కూర్చుని మూట విప్పి, నీళ్ళలో గోరింటాకు కలిపి, దుర్దానా అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. దెబ్బతిన్న వేళ్ళతోనే మొదటి చుక్క పెట్టింది.

"శుక్రవారం దాకా నేనిక్కడే," అంది.

"ఉండు అవ్వా," అంది దుర్దానా.

జియంద్ గోడకానుకుని నిలబడి కూతురి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల తల ఎత్తి అతని వంక చూసింది. కోపం ఉంటుందేమోనని వెతికాడు. తిట్టినా, ఏడ్చినా, ఇదేమిటి నాన్నా అని కళ్ళతో అడిగినా బాగుండుననిపించింది. ఆ కళ్ళలో కనీసం ఆశ్చర్యమైనా లేదు. తండ్రి ఇలాంటి పని చేస్తాడని దానికి ఎప్పట్నుంచో తెలుసు.